చుక్కాని కుడిపక్కనే ఎందుకు?

అమెరికాలో కారు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. సెలవు రోజున అదే కారు వెనక స్పీడుబోటును తగిలించుకుని సరస్సుకు బయల్దేరే కుటుంబాలు అక్కడ బోలెడు. దారి పొడవునా ఎడమ సీట్లో కూర్చుని బండి నడిపిన ఇంటి పెద్ద, బోటు నీళ్లలోకి దిగగానే కుడి సీట్లోకి మారిపోతాడు. దేశం అదే, మనిషీ అతనే. స్టీరింగు మాత్రం పక్క మారింది! మన దగ్గర కారుకూ కుడివైపే, చిన్న మోటారు బోట్లకూ ఎక్కువగా కుడివైపే కాబట్టి ఈ తిరకాసు మన కంట పడదు.

దీనికీ రోడ్డు నియమాలకీ ఏ సంబంధమూ లేదు. కార్లు పుట్టడానికి వెయ్యేళ్ల ముందే ఉత్తర ఐరోపా నావికులు ఈ పక్కను ఎంచుకున్నారు.

అప్పట్లో ఓడకు వెనక మధ్యలో చుక్కాని ఉండేది కాదు. వెడల్పాటి పెద్ద తెడ్డునొకదాన్ని ఓడ వెనక భాగంలో, పక్క అంచుకు కట్టేవారు. దాన్ని అటూ ఇటూ తిప్పితే ఓడ దారి మారేది. ఏ పక్కన కట్టాలి? మనుషుల్లో ఎక్కువమందికి కుడిచేతి వాటం. బలమంతా పెట్టి పట్టుకోవాల్సిన తెడ్డు కాబట్టి కుడిపక్కనే కట్టారు. పాత ఇంగ్లిషులో ‘స్టియోర్’ అంటే నడిపించడం, ‘బోర్డ్’ అంటే ఓడ పక్క. ‘నడిపే పక్క’ అనే అర్థంలో పుట్టిన ఆ మాటే ఇవాళ ఓడలో కుడివైపును సూచించే ‘స్టార్‌బోర్డ్’.

1880లో నార్వేలోని గోక్‌స్టాడ్ దగ్గర ఒక మట్టిదిబ్బను తవ్వితే, సుమారు 24 మీటర్ల పొడవున్న వైకింగుల ఓడ బయటపడింది. తొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన ఆ ఓడకు చుక్కాని కుడిపక్కనే ఉంది. అచ్చం అలాంటి ఓడనే మళ్లీ కట్టి, 1893లో మాగ్నస్ ఆండర్సన్ అనే కెప్టెన్ బెర్గెన్ రేవు నుంచి అట్లాంటిక్ దాటించాడు. షికాగోలో జరుగుతున్న ప్రపంచ ప్రదర్శనకు దాన్ని తీసుకెళ్లాడు. దారిలో అతను అన్నిటికన్నా మెచ్చుకున్నది ఆ పక్క చుక్కానినే. ఎంతటి గాలిలోనైనా ఒక్క మనిషి చాలాడట దాన్ని తిప్పడానికి!

అలాగని లోకమంతా కుడివైపే కట్టిందనుకోకూడదు. రోమన్ల ఓడలకు రెండు పక్కలా రెండు తెడ్లుండేవి. మన అజంతా 2వ గుహలో చిత్రించిన తెరచాపల ఓడకూ వెనక పక్కన ఇలాంటి తెడ్లే కనిపిస్తాయి. ఒక్క కుడిపక్కనే పట్టుకు కూర్చోవడం ఉత్తర సముద్రాల వారి అలవాటు. తర్వాతి రోజుల్లో సముద్రాల మీద పెత్తనం వారి వారసుల చేతికొచ్చింది గనక, ఆ అలవాటే ప్రపంచానికి పాఠమైంది.

కుడివైపు తెడ్డు వేలాడుతుంటే ఆ పక్కను రేవుగోడకు ఎలా ఆనిస్తారు? తెడ్డు నలిగిపోదూ! అందుకని ఓడను ఎప్పుడూ ఎడమవైపే ఒడ్డుకు చేర్చేవారు. సరుకు ఎక్కించేదీ దించేదీ అటునుంచే. ఆ పక్కకు ఇంగ్లిషులో ‘లార్‌బోర్డ్’ అని పేరు. తుపాను గాలిలో ‘స్టార్‌బోర్డ్’ అని అరిచారో ‘లార్‌బోర్డ్’ అని అరిచారో ఎవరికి తెలుస్తుంది? ఆ గందరగోళం పడలేక 1844లో బ్రిటిష్ నౌకాదళం రెండో మాటను తీసేసి ‘పోర్ట్’ అనే మాటను ఖాయం చేసింది. ఇంత ప్రమాదకరమైన జంటపదాలను అన్ని వందల ఏళ్లు ఎలా భరించారో మరి!

ఇక్కడే కథ మలుపు తిరగాలి. ఐరోపాలో పన్నెండో శతాబ్దం చివరికల్లా చుక్కాని ఓడ వెనక నడిమధ్యకు వచ్చేసింది. చైనా వాళ్లయితే అంతకు వెయ్యేళ్ల ముందే అక్కడ పెట్టారు. గ్వాంగ్‌జౌలో హాన్ వంశపు కాలం నాటి సమాధిలో దొరికిన మట్టి ఓడ బొమ్మే సాక్ష్యం. చుక్కాని మధ్యకొచ్చాక ఇక కుడిచేయితో పనేముంది? నిజంగానే పెద్ద ఓడల్లో నడిపేవాడి చోటు మధ్యకు మారిపోయింది, నేటికీ అక్కడే ఉంది.

పక్క మారినా భాషలో పాత చిక్కు ఒకటి మిగిలింది. చుక్కానికి బిగించిన పిడిని కుడికి తోస్తే ఓడ ఎడమకు తిరుగుతుంది. చక్రాలు వచ్చాక కూడా ఆజ్ఞలు మాత్రం పిడిని బట్టే ఇచ్చేవారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ముందు మంచుకొండ కనబడినప్పుడు మర్డాక్ అనే అధికారి ఇచ్చిన ఆజ్ఞ ‘హార్డ్ ఎ స్టార్‌బోర్డ్’. ఓడ తిరిగింది ఎడమకు! 1997లో వచ్చిన జేమ్స్ కామెరాన్ సినిమాలోనూ ఇదే ఆజ్ఞ వినిపిస్తుంది. అది చూసి తప్పు పట్టినవారూ ఉన్నారు. తప్పేమీ కాదు, అప్పటి పద్ధతి అది. 1930ల్లో గానీ ఆజ్ఞ ఎటైతే ఓడా అటే అన్న పద్ధతి అంతటా స్థిరపడలేదు.

మరి చిన్న మోటారు బోట్లలో సీటు మళ్లీ కుడికి ఎందుకు చేరింది? చాలామంది ప్రొపెల్లర్ సంగతి చెబుతారు. సాధారణంగా ఒంటి ఇంజను బోటు ప్రొపెల్లర్ వెనకనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. దానికి ఎదురుగా బోటు ఎడమకు ఒరగాలని చూస్తుంది. నడిపేవాడు కుడిపక్క కూర్చుంటే అతని బరువు దానికి విరుగుడు. మాట నిజమే. కానీ నీళ్లమీద స్కీయింగ్ చేసేవారిని లాగే బోట్లలో చాలావాటికి ప్రొపెల్లర్ అటునుంచి ఇటు తిరుగుతుంది. వాటిలోనూ సీటు కుడివైపే! కాబట్టి ఇది కలిసొచ్చిన కారణమే తప్ప అసలు కారణం కాదు. వేగం పెంచే మీట కుడిచేతికి అందేలా బోటు గోడకే బిగించవచ్చన్నది ఇంకో సౌకర్యం.

గట్టి కారణం సముద్రపు రహదారి నియమాల్లో ఉంది. 1972లో కుదిరి 1977లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, రెండు మోటారు ఓడలు అడ్డంగా ఎదురైతే ఎవరికి కుడివైపున ఎదుటి ఓడ ఉందో వారే తప్పుకోవాలి. అంటే ప్రతి నావికుడూ ముఖ్యంగా కాపు కాయాల్సింది తన కుడిదిక్కును. చిన్న బోటులో ఎడమ సీట్లో కూర్చుంటే, కుడివైపు చూపుకు పక్కన కూర్చున్న వాళ్ల తలలు అడ్డం. కుడి సీట్లో కూర్చుంటే అటు ఖాళీ నీళ్లే.

రాత్రిపూట ఈ నియమం ఇంకా అందంగా పనిచేస్తుంది. ప్రతి ఓడకూ ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం. మీ కుడినుంచి ఒక ఓడ అడ్డంగా వస్తోందంటే దాని ఎడమపక్క మీకు కనిపిస్తుంది. అంటే ఎర్రదీపం. ఎరుపు కనబడితే తప్పుకోవాల్సింది మీరే. ఎడమనుంచి వచ్చే ఓడది పచ్చదీపం. తప్పుకునే బాధ్యత వారిది, మీ దారిన మీరు సాగవచ్చు. చదువు రాని జాలరికైనా ఒక్క రాత్రిలో ఒంటబట్టే చట్టం ఇది.

పూర్తిగా ఎదురెదురైతే? ఇద్దరూ కుడికే తిరగాలి. అది తప్పితే ఏమవుతుందో 1956 జులై 25 రాత్రి తెలిసింది. అమెరికాలోని నాన్‌టుకెట్ దీవికి దక్షిణంగా ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా, స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఒకదానికొకటి ఎదురుగా వస్తున్నాయి. డోరియా చుట్టూ దట్టమైన పొగమంచు. రాడార్లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. స్టాక్‌హోమ్ కుడికి తిరిగింది. రెండు ఓడలూ కుడిపక్కలమీదుగా దాటుకుపోతాయని అనుకున్న డోరియా ఎడమకు తిరిగింది. తప్పించుకోబోయి ఇద్దరూ ఒకే వైపుకు వచ్చారు. స్టాక్‌హోమ్ ముక్కు డోరియా కుడిపక్కను చీల్చుకుని లోపలికి దిగింది. 51 మంది చనిపోయారు. మర్నాటి ఉదయానికి డోరియా మునిగిపోయింది. రాడార్లున్నాయి, అనుభవం పండిన కెప్టెన్లున్నారు. ‘ఎటు?’ అన్న ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటి కాలేదు, అంతే.

అందుకే వైకింగుల తెడ్డు ఏనాడో పోయినా దాని పక్క పోలేదు. అందరికీ తెలిసిన పక్క అయి కూర్చుంది. అయితే ఏ నియమానికైనా పక్కదారి పట్టేవారు ఉంటారు కదా! వెనిస్ నగరపు గొండోలానే చూడండి. దాని తెడ్డు కుడివైపే పడుతుంది. ఒక్క పక్కనే తెడ్డు వేస్తే పడవ ఎడమకు పోవాలి. అందుకని వాళ్లు ఎడమపక్కను కుడికన్నా 24 సెంటీమీటర్లు వెడల్పుగా కట్టి, పడవనే వంకరగా చేసేశారు. చూస్తే కుడికి ఒరిగినట్టుంటుంది, పోయేది మాత్రం తిన్నగా!

ఓడల పద్ధతి చివరికి ఆకాశానికీ ఎక్కింది. విమానం ఎడమ రెక్క చివర ఎర్రదీపం, కుడి రెక్క చివర పచ్చదీపం. ప్రయాణికులు ఎక్కే తలుపు సాధారణంగా ఎడమవైపు. తెడ్డు నలగకూడదని ఓడను ఎటు ఒడ్డుకు చేర్చేవారో, శంషాబాద్‌లో ఇవాళ విమానం నిచ్చెన తగిలేదీ ఆ పక్కకే.