మా కారు బ్రేకూ, కుక్కర్ విజిలూ

పోయిన నెలలో మా కారులో ఒకటే మాడు వాసన. మొదటిరోజు పొయ్యి కట్టేశానా లేదా అని కంగారుపడి, దారిలోంచే ఇంటికి ఫోన్ చేశాను. తర్వాత తెలిసింది, ఆ వాసన మాతోపాటే వస్తోందని. స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, బండి ఎడమవైపుకి లాగేస్తోందని మావారు అన్నారు. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కుడివైపు చక్రం మాత్రం మామూలుగానే ఉంది.

కాలిపర్ పట్టేసిందన్నాడు మెకానిక్. బ్రేక్ తొక్కినప్పుడు ప్యాడ్లు డిస్కుని రెండు పక్కలా అదిమి పట్టుకోవాలి, కాలు తీయగానే వదిలేయాలి. మా పదిహేనేళ్ల బండి పట్టుకోవడమే తప్ప వదలడం మర్చిపోయింది. మారిస్తే రెండువైపులా మార్చుకోండన్నాడు.

మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. "నాన్నా, మనమే మార్చేద్దాం" అన్నాడు. ఆయన వెంటనే సరేనన్నారు. ఆ తండ్రీకొడుకులు కలిసి ఒక పని చేసి ఎన్నాళ్లయిందో! ఒకరికి ఆఫీసు, ఒకరికి ఫోను. అందుకే బ్రేకుల జోలికి ఎందుకని లోపల భయంగా ఉన్నా వద్దనలేకపోయాను.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు. బండిని చదునైన చోట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టారు. జాకీతో లేపాక, దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా కింద స్టాండ్లు కూడా పెట్టారు. పాతవి విప్పి, కొత్తవి బిగించి, ఆయిల్ గొట్టం బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేశారు. బ్రేక్ ఆయిల్ ఒలికితే పెయింట్ పాడవుతుందట. వెంటనే కడగడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడడం నా డ్యూటీ. మధ్యలో ఇద్దరూ ఒకే గ్లాసులో మజ్జిగ తాగుతుంటే చూసి, నాకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టారు. గొట్టం విప్పినప్పుడు లోపలికి గాలి చేరుతుంది కదా, అది తీసేయాలి. ఆయిల్ అదిమితే నలగదు, గాలి నలిగిపోతుంది. గాలి మిగిలితే మన కాలి బలం చక్రం దాకా చేరదు. "అమ్మా, తొక్కు... పట్టి ఉంచు... ఇప్పుడు వదులు." వాడు కింద నిపుల్ బిగించకముందే నేను కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుందట. అరగంట తొక్కాను. ఆయిల్‌లో బుడగలు ఆగిపోయాయి. ఇక అయిపోయిందన్నారు.

కానీ పెడల్ మెత్తగా ఉంది. పులిసిన ఇడ్లీ పిండి మీద గరిటె పెట్టి అదిమినట్టు, కిందికి దిగిపోతోంది.

"ఏవండీ, ఇది సరిగ్గా లేదు" అన్నాను.

"కొత్తవి కదా, రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది" అన్నారు ఆయన. అబ్బాయి మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి ఊరుకుందామనుకున్నాను. నేను చదివింది బి.ఏ. తెలుగు, బ్రేకుల సంగతి నాకేం తెలుసు? కానీ పద్యంలో యతి తప్పితే, లెక్క కట్టకముందే చెవికి తెలిసిపోతుంది. ఇక్కడ కాలికి తెలిసింది. పైగా వచ్చే శనివారం సింహాచలం కొండెక్కాలి. ఎక్కితే సరిపోదు, దిగాలి కూడా!

"ఈ బండి గేటు దాటితే నేను ఊరుకోను" అని కిందికి దిగాను. చక్రం దగ్గర వంగి చూశాను. గాలి తీసే గొట్టం కాలిపర్‌కి అడుగువైపు తగిలించి ఉంది.

"గాలి పైకి కదరా పోయేది? కుక్కర్‌కి విజిల్ మూత మీద ఉంటుంది గానీ అడుగున ఉంటుందా?" అన్నాను.

వాడు ఒక నిమిషం అలాగే చూశాడు. తర్వాత రెండో వైపుకి పరిగెత్తాడు. అక్కడా నిపుల్ కిందే ఉంది! పెట్టెల్లోంచి రెండూ ఒకేసారి తీసి పక్కపక్కన పెట్టడంతో, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ బిగించేశారు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, పైగా చక్కగా కూర్చుంటాయి కూడా. నిపుల్ మాత్రం కిందికి పోతుంది. బుడగలు ఆగాయనుకున్నాం కానీ, పైన చిక్కుకున్న గాలి అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. వాళ్ల సంతోషాన్ని నేనే చెడగొట్టానా అని నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్న లేచేసరికి ఇద్దరూ బండి దగ్గరే ఉన్నారు. "అమ్మా, ఎలా ఉందో నువ్వే చెప్పాలి, రా" అని పిలిచాడు అబ్బాయి. ఈసారి పెడల్ పైనే గట్టిగా ఆగింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే కొంచెం దిగింది. అది మామూలేనట, బూస్టర్ పని చేస్తోందని గుర్తట. అయినా కొండెక్కే ముందు మెకానిక్‌కి చూపించాల్సిందే అన్నాను. ఆయన కాస్త అలిగినా తీసుకెళ్లారు. అంతా బాగానే ఉందన్నాడు మెకానిక్.

శనివారం అప్పన్న దర్శనం చేసుకుని రెండో గేర్‌లో మెల్లగా దిగాం. కిందికి రాగానే బండి ఆపించి, రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. రెండువైపులా ఒకే వెచ్చదనం.

"ఏమంటారు మెకానిక్ గారు?" అని నవ్వారు ఆయన.

"పదండి, టిఫిన్ చేద్దాం" అన్నాను.