గండికోటకు మోసిన బరువు

అరచేతి ఫోనుండగా నీ మోత యేల యని గండికోట త్రోవలో నొకరు నవ్విరి. నాలుగంగుళముల వెడల్పు, ఐదంగుళముల పొడవు గల ఫిలిము రేకులపై బొమ్మదీయు కెమేరా, కొయ్య ముక్కాలి, అయిదు ఫిలిముచట్రములు మా మోత. చంటిబిడ్డ నెత్తికొని మెట్లెక్కిన సోదరీమణులకు దీని బరువు వేఱుగ జెప్పనేల? చట్రమునకు రెండే రేకులు. వెరసి పది బొమ్మలు. మోకాళ్ల నొప్పులచే నింటనే నిలిచిన అమ్మగారికి పెన్నలోయను ఱాయి ఱాయిగా జూపవలెనని మా పట్టు.

జామియా మసీదు దాటి లోయయంచు జేరితిమి. అమ్మగారి పాత నల్లచీరయే మాకు ముసుగు. దానిలో దూరి చూడగా గాజుపలకపై నది మీదను, ఆకసము క్రిందను తలక్రిందులుగ గానవచ్చెను. గాలికి కెమేరా తిత్తి యదరుచుండగా ముక్కాలికి ఱాళ్లసంచి వ్రేలాడగట్టితిమి. అదరుచుండగనే తొమ్మిది రేకులైపోయినవి. పదవదానికి గాలి నిలిచెను, మీట నొక్కితిమి. ఇంటికేగి కడిగినగాని యేమి పడినదో తెలియదు.