దూరాన విన్న పాట

కాలేజీ రోజుల నుంచి ఐరన్ మెయిడెన్ అంటే నాకు ప్రాణం. స్టీవ్ హ్యారిస్ 1975లో లండన్‌లో స్థాపించిన ఆ బృందం క్యాసెట్లను టేపు అరిగేదాకా విన్నాను. 2007 మార్చి 17న వారు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వస్తే, పదేళ్ల మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను.

మాకు దొరికింది చిట్టచివరి చోటు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 170 మీటర్ల దూరాన నిలబడితే, డ్రమ్ము మీద కర్ర పడిన అరసెకను తర్వాత గానీ దెబ్బ వినపడదు. హ్యారిస్ వేళ్లు కనబడలేదు, బేస్ గిటారు నాదం గాలికి చెదిరిపోయింది. ఏళ్ల తరబడి ఎదురుచూపు ఉసూరుమంది.

"నువ్వు చెప్పింది ఇదేనా నాన్నా?" అన్నాడు వాడు. జవాబు తోచలేదు.

ఆ ఆదివారం పాత క్యాసెట్టు పెట్టి, కళ్లు మూసుకుని వినమన్నాను. ఒక వైపు అయిపోగానే వాడే తిప్పి పెట్టాడు. అభిమానమైనా, అమ్మభాషైనా పిల్లలకు అందేది ఇంట్లోనే కదా!