ముక్త్యాల రేవులో ఒక పూట

ఇంగ్లండ్‌లో బోర్టన్ ఆన్ ది వాటర్ అని ఒక పల్లె ఉంది. ఊరి మధ్యలోంచి విండ్‌రష్ అనే చిన్న నది, దాని మీద బుజ్జి రాతి వంతెనలు, ఒడ్డున పచ్చిక. రీల్స్‌లో ఆ ఊరు కనపడిన ప్రతిసారీ ‘అబ్బ, ఉంటే అక్కడ ఉండాలి’ అనిపిస్తుంది కదా! వీసా, టికెట్ సంగతి తర్వాత చూద్దాం. నది ఒడ్డు పల్లె కావాలంటే హైదరాబాద్-విజయవాడ హైవే దిగి కాస్త లోపలికి వెళ్తే చాలు. జగ్గయ్యపేట దగ్గర, కృష్ణ ఒడ్డున ముక్త్యాల ఉంది.

నందిగామ నుంచి బండి మీద బయల్దేరాను. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగితే అసలైన మెట్ట ప్రాంతం మొదలవుతుంది. పత్తి చేలు, సున్నపురాయి నేల, సిమెంట్ లారీలు. ఫిబ్రవరి కాబట్టి కల్లాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. హెల్మెట్ అద్దం పైకెత్తితే తుమ్ములే తుమ్ములు!

ముందు వేదాద్రి వస్తుంది. ఇక్కడి నరసింహస్వామికి ఐదు రూపాలు. జ్వాలా నరసింహుడు కొండ మీద, యోగానందుడు గుళ్లో, సాలగ్రామ నరసింహుడు ఏకంగా కృష్ణ నీళ్లలోనే. మెట్లు దిగితే నేరుగా నది. కార్తీకంలో ఇసుక వేసినా రాలనంత జనం. నేను వెళ్లింది మామూలు రోజు కావడంతో గాలి చప్పుడు కూడా వినిపించింది.

అక్కడి నుంచి ముక్త్యాల. భవానీ ముక్తేశ్వరస్వామి గుడి, వాసిరెడ్డి జమీందారుల పాత కోట, ఆ పక్కనే నది. ఆ వంశం వాడైన వెంకటాద్రి నాయుడే తండ్రి జగ్గయ్య పేరు మీద బేతవోలును జగ్గయ్యపేట చేశాడు. అయితే ఈ కోటకు సంబంధించి మన తరం గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి ఇంకొకరు: వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్. జనం నోట ‘ముక్త్యాల రాజా’. కృష్ణ నీళ్లను పెన్నాకు మళ్లించాలని అప్పటి మద్రాసు ప్రభుత్వం చూస్తుంటే, నందికొండ దగ్గర డ్యామ్ కట్టాల్సిందేనని పట్టుబట్టిన మనిషి ఆయన. ఖోస్లా కమిటీ కార్లు నందికొండ దాకా వెళ్లడానికి ఊళ్ల జనాన్ని కూడగట్టి అడవిలో దారి వేయించారని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామే నాగార్జునసాగర్. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్టకు ఎడమ కాలువ వచ్చింది అలాగే.

ఆ కథ తెలిసి రేవులో నిలబడితే నది వేరేగా కనిపిస్తుంది. డ్యామ్ కోసం అంత తిరిగిన మనిషి సొంతూరి ముందు ఇప్పుడు కృష్ణ తన ఇష్టానికి పారదు. ఎగువన సాగర్, దాని కింద 45.77 టీఎంసీల పులిచింతల. పైన గేట్లు ఎత్తితే ఇక్కడ నది, దించితే రాళ్లు. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ నంబరు గేటే కొట్టుకుపోయింది. దిగువ ఊళ్లన్నీ అప్రమత్తం కావాల్సి వచ్చింది.

నేను వెళ్లినప్పుడు నీళ్లు తక్కువే. ఫొటోకి బాగుంటుందని బండరాళ్ల మీదుగా లోపలికి నాలుగడుగులు వేశానో లేదో, బట్టలు ఉతుకుతున్న పెద్దావిడ కేకేసింది.

‘‘అటు దిగమాకయ్యా! ఏ ఊరు మీది?’’

‘‘నందిగామండీ.’’

‘‘మునేరు చూసినోడివేగా. మరి ఏటి సంగతి నీకు చెప్పాలా?’’

నిజమే. 2023 జూలైలో ఐతవరం దగ్గర మునేరు హైవే మీదికొచ్చి బండ్లన్నీ ఆపేసింది. నదికి కోపమొస్తే ఎలా ఉంటుందో మా వైపు చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు, చెయ్యి ఎత్తి ఎదురు ఒడ్డు చూపించింది. అది మాదిపాడు. 2021 డిసెంబర్‌లో వేదపాఠశాల విద్యార్థులు ఐదుగురు, వాళ్ల గురువు స్నానానికి దిగి అక్కడే మునిగిపోయారు. అది వరద కాలం కాదు. పైకి ఇలాగే ప్రశాంతంగా కనపడే నీళ్లు.

విండ్‌రష్ మోకాళ్ల లోతు నది. అందులో పిల్లలు ఆడుకుంటారు. కృష్ణ అలాంటిది కాదు. బట్టలు ఉతికే వాళ్లకు, చేపలు పట్టే వాళ్లకు ఏ బండ పక్కన ఎంత గుంట ఉందో తెలుసు. మనకు తెలియదు. మెట్ల మీద కూర్చుని చూసినా ఈ నది అందం ఏమీ తగ్గదు. నీళ్లలోకి వెళ్లాలనుకుంటే మాత్రం ముందు ఒడ్డున ఉన్నవాళ్లను అడగండి. వద్దన్నారా, వద్దు.

ఇంకో గంట ఉంటే జగ్గయ్యపేటలో ధనంబోడు కూడా చూడండి. 1882లో బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం అది. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. స్తూపం మాత్రం మన దగ్గరే, పెద్దగా ఎవరూ పట్టించుకోకుండా ఉంది. టికెట్‌కి లైన్లు ఉంటాయన్న భయం అక్కర్లేదు.