ముక్కు మీద మిగిలిన బొడిపె

మన తెలుగువాళ్ళకి ముక్కంటే మహా మక్కువ. కోపమొస్తే అది ముక్కు మీదే ఉంటుంది, ఆశ్చర్యమొస్తే వేలు ముక్కు మీదికే పోతుంది, ఉన్నదున్నట్టు మాట్లాడితే ముక్కుసూటి మనిషంటారు. ఆ లెక్కన గత 8 నెలలుగా నేను ముక్కుసూటి మనిషిని కాను :) ఆదివారం క్రికెట్లో గుంతలో పడ్డ బంతి ఒకటి ఎగిరొచ్చి సరిగ్గా ముక్కు దూలం మీద తగిలింది. ఎముక విరిగింది.

ఎక్స్-రే తీయిస్తారనుకుంటూ వెళ్ళాను. ఈఎన్టీ డాక్టరు మాత్రం ముందు టార్చిలైటు వేసి ముక్కు లోపలికి చూశాడు. రెండు రంధ్రాల మధ్య గోడలో నెత్తురు చేరిందేమోనని. ఆ గోడలో ఉండే మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవట, పైనున్న పొర నుంచే దానికి తిండి. మధ్యలో నెత్తురు చేరితే రెండుమూడు రోజుల్లోనే అది చచ్చిపోవడం మొదలెడుతుంది, తర్వాత ముక్కు మధ్యలో కుంగిపోవచ్చు. అదృష్టం, నాకు అది లేదు.

వాపు తగ్గాక 5వ రోజు మళ్ళీ రమ్మన్నాడు. వాపులో వంకర తెలీదు కదా! అలాగని నెలలు ఆగితే ఎముక అతుక్కుపోతుంది. పెద్దవాళ్ళకి సుమారు రెండు వారాల లోపే దాన్ని చేత్తో సరిచేయగలరు. నాది పెద్దగా పక్కకి జరగలేదు కాబట్టి వదిలేయమన్నాడు. కొన్ని వారాలు ముక్కు మీద కళ్ళజోడు బరువు పెట్టొద్దన్నాడు. దాంతో మధ్యకమ్మిని ప్లాస్టరుతో నుదుటికి అంటించుకుని ఆఫీసుకెళ్ళాను. మా టీంలో వాళ్ళు "ప్యాచ్ రిలీజ్ అయినట్టుందే" అన్నారు. అనరూ మరి!

నొప్పి పోయింది, కళ్ళ కింద నలుపు పోయింది. బొడిపె మాత్రం పోలేదు. మొదట్లో అందులో కొంత వాపే. అది నెలల తరబడి మెల్లగా తీస్తుంది. ఆ తర్వాత కూడా మిగిలితే అది ఎముకే. విరిగిన అంచులు కాస్త ఎగుడుదిగుడుగా అతుక్కోవడమో, అతుకు దగ్గర కొత్త ఎముక కాస్త ఎక్కువ పేరుకోవడమో అన్నమాట. కాలం గడిచేకొద్దీ కొంత నునుపు తేలొచ్చు, తేలకపోవచ్చు. పక్కింటి పిన్నిగారు చెప్పిన కొబ్బరినూనె మర్దనాకి మాత్రం ఎముక లొంగదు.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. మా అమ్మ నాకు సంబంధాలు చూస్తోంది. ఒకళ్ళు ఫోటో చూసి "అబ్బాయి ముక్కుకేమైనా అయిందాండీ?" అని అడిగారట. అంతే, "ఆపరేషన్ చేయించుకో నాన్నా, డబ్బులు నేనిస్తా" అని రోజూ ఫోను. ఆవిడ కోసమే మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "రెండువైపులా గాలి బాగా ఆడుతోందా?" ఆడుతోందన్నాను. "అయితే ఇది నీ ఇష్టం, నా అవసరం కాదు" అన్నాడు.

చేయించుకుంటే బొడిపెని అరగదీయాలి, అవసరమైతే ఎముకని మళ్ళీ విరిచి సర్దాలి. ఆ వాపు పూర్తిగా తీయడానికి ఏడాది దాకా పట్టొచ్చు. ఊపిరి ఆడనివాళ్ళు తప్పకుండా చేయించుకోవాలి. అద్దంలో చూసుకుని తాము బాధపడేవాళ్ళు చేయించుకున్నా నేను తప్పుపట్టను. కానీ నాకు లేని బాధకి, ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం నా ముక్కు మళ్ళీ ఎందుకు విరగ్గొట్టించుకోవాలి?

ఇదే మాట అమ్మకి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "సరే, పక్కనుంచి కాకుండా ఎదురుగా తీసిన ఫోటో ఒకటి పంపు" అంది. బొడిపె స్పష్టంగా కనపడేలా పక్కనుంచి తీసిందే పంపాను. చూసి వద్దనేవాళ్ళు ఇప్పుడే వద్దంటే ఇద్దరికీ టైం కలిసొస్తుంది.

మీకెవరికైనా ముక్కుకి దెబ్బ తగిలితే మాత్రం అందం సంగతి తర్వాత. ముక్కు లోపల రెండువైపులా మూసుకుపోయినట్టున్నా, నీళ్ళలాంటిది కారుతున్నా, నెత్తురు ఆగకపోయినా అదే రోజు డాక్టరుకి చూపించండి. బొడిపె గురించి ఆలోచించడానికి బోలెడంత టైముంది.