గూడెము కొండలనుండి గోదావరికి: ఒక వెండి కలము

మా నివాసము గూడెము కొత్తవీధి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పుకనుమల నడుమనున్న మన్యగ్రామము. మావారిచ్చట ఉపాధ్యాయులు. వానకాలము వచ్చినదా, మంచు వాకిటిలోనికే వచ్చి కూర్చుండును. వ్రాసిన కాగితమును కుంపటియొద్ద ఆరబెట్టుకొనవలసినదే. కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ వృక్షములును, వాని నంటి పైకి బ్రాకు మిరియపు తీగలును మా కిటికీ ముందరనే యున్నవి. ఈ తీగల ప్రసక్తి మరల వచ్చును గాన ముందుగా చెప్పితిని.

ఈ యేడు మావారి బడిలో పదవ తరగతి పరీక్షయందు కృతార్థులైనవారిలో బగతవారి బాలిక యొకతె కలదు. రెండేండ్లుగా సాయంకాలమున మా యింటికి వచ్చి నాయొద్ద భారతపద్యములు చదువుచుండెడిది. పైచదువునకు నర్సీపట్నము పోవలెనని ఆ పిల్ల కోరిక; మేనమామ కొడుకున కిచ్చి పెండ్లి చేయవలెనని యింటివారి కోరిక. "పరీక్ష గెలిచితివా, నీకు మంచి కలము నే నిచ్చెదను" అని మాట యిచ్చియుంటిని. పిల్ల గెలిచినది. నా పెండ్లినాటి వెండి పట్టీలు అరిగి పెట్టెలో మూలబడి యుండెను. వానిని కరగించి కలము చేయింప దలచితిని.

"వెండి చెఱిపి కలమా? ఆ పిల్లకు మెట్టెలు చేయింపరాదా?" అనిరి అత్తగారు. ఆమె మంచిమాటగానే అనినది; నాకు మాత్రము మెట్టెల పేరు వినుటతోనే గుండె జల్లుమనెను. బదులు చెప్పక పట్టీలు కొంగున ముడివేసికొంటిని.

మా ప్రాంతమున లోహపుపని లేకపోలేదు. కొండకమ్మరులు కొలిమి నూది నాగటికఱ్ఱులును గొడ్డండ్లును సాగగొట్టుదురు. కాని కలము వేఱు పని. దానికై రాజమహేంద్రవరమే పోవలెనని మావారనిరి. తెల్లవాఱకమున్నే బస్సెక్కితిమి. త్రోవలో చింతపల్లి. 1922 ఆగష్టు 22వ తేదీన సీతారామరాజుగారు అచ్చటి ఠాణా ముట్టడించి, తాము కొనిపోయిన తుపాకుల వివరము ఠాణా పుస్తకముననే వ్రాసి సంతకము చేసి పోయిరట! ఆ వ్రాలు ఏ కలముతో వ్రాసిరో యని నాకెప్పుడును ఊహ పోవుచుండును. లంబసింగి దాటి కనుమ దిగి, నర్సీపట్నము మీదుగా తునికి పోయి రైలెక్కి, సాయంకాలమునకు గోదావరి గాలి పీల్చితిమి.

నన్నయభట్టారకుడు భారతము నారంభించిన యూరు కదా అది. ఆనాటి కలము ఇనుప గంటము. మా తాతగారి గంటమును నేను చిన్ననాట పట్టిచూచితిని. తాటాకుపై గీచి, పిమ్మట మసి పూసిననే గాని అక్షరము కంటికి కానరాదు. ఇప్పటి సిరాకలములకును ఆ యూరే పేరుపడినది. రత్నముగారు 1932లో అచ్చట స్వదేశీ కలముల తయారీకి పూనుకొనిరి. గాంధీగారికి కుమారప్పగారి చేతి మీదుగా ఒక కలము పంపగా, వారు 1935 జూలైలో మెచ్చి జాబు వ్రాసిరి. నేను పోయినది ఆ దుకాణమునకు గాదు; ఇంటి వసారాలోనే లేతు నమర్చుకొని పనిచేయు వేఱొక వృద్ధుని యొద్దకు. మా పినతల్లి గారి వీథియే.

వసారాలో అడుగు పెట్టగానే గంధకపు వాసన! అది ఎబొనైటు కడ్డీని చెక్కునప్పటి వాసన. 100 పాళ్ల రబ్బరునకు 30, 40 పాళ్ల గంధకము చేర్చి ఉడికించినచో అది కొయ్యవలె గట్టిపడును, అదియే ఎబొనైటు. సోదరీమణులారా, లేతు మనవారెఱుగని వస్తువు గాదు. పెద్దలు దానిని తరిమెన యనిరి. మంచపుకోళ్లును, ఏటికొప్పాక లక్కబొమ్మలును దానిమీద పుట్టినవే. కడ్డీని దవడల నడుమ బిగించి త్రిప్పుదురు. తిరుగుచున్న దానికి ఉలి నానించుదురు. కూర గీయునప్పుడు కత్తి కదలును, కూర నిలుచును. ఇచట కత్తి నిలుచును, వస్తువు తిరుగును. అంతియే భేదము.

నా పట్టీలు చూచి ఆ తాతగారు తల యడ్డముగా నాడించిరి. "అమ్మా, నీవుండునది కొండమీద గదా. ఒట్టి వెండితో చేసినచో అది కలము గాదు, సిరాబుడ్డి బోర్లించినట్లే."

కారణ మడిగితిని. లోహము వేడిని త్వరగా గ్రహించును. చలిలో మంచువలె నుండిన కలము చేతి వేడికి ఇట్టే వెచ్చనగును. లోపలి గాలి వ్యాకోచించి సిరాను పాళీ గుండ నెట్టును. ఎబొనైటునకు ఆ చాపల్యము లేదు. ఇక కొండ యెక్కునప్పుడు మఱొకటి: సుమారు 1000 మీటర్ల యెత్తున బయటి గాలి యొత్తిడి పదింట నొకవంతు తగ్గును. కలములో సిరా సగమే యున్నచో మిగిలిన సగము గాలియే. అది ఉబ్బి సిరాను బయటికి త్రోయును. మావారి తెల్లచొక్కా జేబులు లంబసింగి కనుమలో నీలమగుటకు పదేండ్లుగా కలములనే నిందించితిమి. సిరా నిండుగా పోసికొనుటో, బొత్తిగా ఒలకబోసి యెక్కుటో చేసిన చాలునట!

కాబట్టి లోపల ఎబొనైటు, పైన వెండి. పొరుగు కంసాలి పట్టీలు కరగించి పలుచని గొట్టముగా దీసి యిచ్చెను. తాతగారు ఎబొనైటు కడ్డీని తొలిచి, పాళీపట్టునకును మూతకును మరలు కోసిరి. ఆ మర వెండ్రుకవాసి వదులైనను సిరా చిమ్మును. ఆరుమార్లు బిగించి విప్పి చూచిరి. పిమ్మట వెండితొడుగు వేసి లేతుపై నునుపు చేసిరి. వెండి మెత్తని లోహము. ఉలి కొంచెము లోతుగా దిగినదా, గొట్టము నలిగిపోవును. ఊపిరి బిగబట్టి చూచితిని. క్రింద గుడ్డ పఱచి, రాలిన పొట్టునంతయు కాగితమున పొట్లము గట్టి నాకే యిచ్చిరి. మూతపై ఏమి చెక్కవలెనని యడుగగా మిరియపు తీగ యంటిని. తాతగారది చూచి యెఱుగరు. నేనే బలపముతో గచ్చుమీద గీచి చూపితిని. మూడవనాటికి కలము చేతికి వచ్చెను.

ఇంటికి చేరి వెండిపొట్టును అత్తగారి చేతిలో పెట్టితిని. ఆమె అరచేత నెత్తిచూచి, ఏమియు ననక పెట్టెలో దాచెను.

పిల్ల తండ్రి కాఫీపండ్లు అమ్ముకొని వచ్చి, ఒక్క యేడు చదువనిత్తునని మావారితో చెప్పెను. ఒక్క యేడే! ఆ పిల్ల కలము మూత విప్పి మా లెక్కల పుస్తకము వెనుక అట్టమీద తన పేరు వ్రాసి చూచుకొనెను. మరునాడు బస్సుకడ నేను మఱి మఱి చెప్పితిని: "దిగునప్పుడు భయము లేదు. సెలవులకు కొండ యెక్కునప్పుడు మాత్రము సిరా నిండుగా పోసికొని రమ్ము."

"నిండుగా పోసుకొనే వస్తానమ్మగారూ" అని నవ్వి, కలము రవికలో దోపుకొని బస్సెక్కెను.