రోడ్డు మీద మా వడ్లు



ఈసారి గోడ పత్రికకు ఏదైనా రాయమని తెలుగు సారు చెప్పినప్పుడు నేను మొదట చెట్ల గురించి రాద్దామనుకున్నాను. కానీ చెట్ల గురించి అప్పటికే నలుగురు రాస్తున్నారు. అందుకని రోడ్డు గురించి రాస్తున్నాను. దీనికి వేరే కారణం కూడా వుంది. అది మధ్యలో చెప్తాను.

మాది చర్ల మండలంలో ఒక గూడెం. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు వుంటుంది. నా చిన్నప్పుడు అది మట్టి బాట. వానాకాలం వస్తే ఎడ్లబండి కూడా దిగబడేది. తరువాత తారు రోడ్డు వేశారు. వేసిన రోజు మా తాత చెప్పులు విప్పేసి దాని మీద నడిచాడు. కాళ్లకు తారు అంటుకొని వారం రోజులు పోలేదు. మా నాయనమ్మ ఒకటే తిట్టింది.

రోడ్డు వచ్చిన తరువాత మా ఊరి వాళ్లందరికీ అదే కల్లం అయ్యింది.

దీనికి కారణం ఏమిటంటే, పూర్వం వరిని కొడవళ్లతో కోసేవాళ్లు. కోసిన పన పొలంలోనే మూడు నాలుగు రోజులు ఎండేది. ఆ తరువాత కట్టలు కట్టి, కుప్ప వేసి, తీరిక చూసుకొని నూర్చేవాళ్లు. అప్పటికి గింజ బాగా ఎండిపోయి వుండేది. ఇప్పుడు కోత మిషన్ వస్తుంది. గంటలో ఎకరం కోసేసి పచ్చి వడ్లు ట్రాలీలో పోసి వెళ్లిపోతుంది. ఆ వడ్లను కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే అక్కడ తేమ చూసే మిషన్ వుంటుంది. అందులో 17 శాతం కంటే ఎక్కువ చూపిస్తే తీసుకోరు. పోయిన ఏడాది మే నెలలో మా వడ్లకి 23 చూపించింది. ఎండబెట్టి తెమ్మన్నారు. ఎక్కడ ఎండబెట్టాలి? మా పొలం పక్కన గట్టి నేల లేదు. ఇంటి ముందు వాకిలి రెండు మంచాలు పట్టేంత. ఉపాధి హామీ పనుల్లో కొందరికి సిమెంటు కల్లాలు కట్టారు గానీ మాకు రాలేదు. మా ఊళ్లో తునికాకు ఎండబెట్టడానికి కల్లం వుంది, వడ్లకు లేదు. ఇది నాకు విచిత్రంగా అనిపిస్తుంది.

కాబట్టి రోడ్డు మీద పోశాం. తారు నల్లగా వుంటుంది గనుక ఎండకు బాగా కాగుతుంది, వడ్లు తొందరగా ఎండుతాయి. ఆ విషయం సైన్సు సారు చెప్పకముందే మా వాళ్లందరికీ తెలుసు.

మా రోడ్డు వెడల్పు పన్నెండు అడుగులు వుంటుందేమో. అందులో సగం మా వడ్లు. మిగిలిన సగంలోనే ఆటోలు, బండ్లు, ట్రాక్టర్లు అన్నీ పోవాలి. వడ్ల మీదికి ఎవరూ ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పెడతారు. సెలవులకు ఇంటికి వచ్చాను గనుక ఆ పని నాకు అప్పజెప్పారు. వాగు దగ్గర నుంచి తలకాయంత రాళ్లు ఏరుకొచ్చి పొద్దున వరసగా పెట్టాలి. గంటకోసారి కాళ్లతో సాళ్లు గీసుకుంటూ వడ్లను తిరగేయాలి. మధ్యాహ్నం అరికాళ్లు కాలిపోయేవి. సాయంత్రం వడ్లన్నీ దగ్గరికి లాగి కుప్ప చేసి, నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా పట్టా అంచుల మీద రాళ్లు పెట్టాలి. మిగిలిన రాళ్లను రోడ్డు దిగువకు దొర్లించాలి.

మూడో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. అందరం గబగబా లాగేసి రెండు కుప్పలు చేశాం. రెండిటి మధ్య ఒక ఇరవై అడుగుల ఖాళీ వుంది. అక్కడ వడ్లు ఊడ్చాం గానీ పూర్తిగా పోలేదు, అక్కడక్కడా గింజలు వున్నాయి. నేను రాళ్లు తీస్తున్నాను. ఇంతలో మావాళ్లు క్రికెట్ ఆడదాం రమ్మని కేక వేశారు. వెళ్లిపోయాను. మూడు రాళ్లు మిగిలాయి. అవి మిగిలాయని నాకు తెలుసు. వచ్చి తీద్దాంలే అనుకున్నాను. చీకటి పడింది, అన్నం తిన్నాను, మర్చిపోయాను.

రాత్రి ఎనిమిది దాటిన తరువాత మా పెద్దనాయన కొడుకు, నాకు అన్న అవుతాడు, చర్ల నుంచి బండి మీద వస్తున్నాడు. ముందు పెట్రోలు ట్యాంకు మీద ఆయన చిన్న కూతురు కూర్చుంది. ఎదురుగా వరిగడ్డి లోడుతో ట్రాక్టరు వచ్చింది. దానికి ఒక్క లైటే వెలుగుతోంది. ఒక్క లైటు చూసి అన్న ఎవరో బండి మీద వస్తున్నారనుకున్నాడు. దగ్గరికి వచ్చాక చూస్తే ట్రాక్టరు, దాని మీద గడ్డి రెండు పక్కలా బయటికి వేలాడుతోంది. రోడ్డు మొత్తం అదే నిండిపోయింది. తన పక్కన కుప్ప వుంది. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, అది కూడా ఆఖరి క్షణంలోనే కనపడింది. రెండు కుప్పల మధ్య ఖాళీ వుంది కదా, అందులోకి తిప్పాడు. అక్కడ నా రాయి వుంది. చక్రం రాయికి తగిలి, గింజల మీద జారి, బండి పడిపోయింది.

ఆ చప్పుడు మా ఇంటికి వినిపించింది. నేను చాప మీద వున్నాను.

వడ్లు ఎందుకు జారతాయో ఆ తరువాత నేను ఆలోచించాను. సైకిలు హబ్బులో గోళీలు వుంటాయి కదా, అవి ఎలా దొర్లుతాయో గింజలు కూడా టైరు కింద అలాగే దొర్లుతాయి. టైరుకి రోడ్డు దొరకదు. అప్పుడు బ్రేకు వేస్తే ఇంకా అన్యాయం. నాలుగు చక్రాల బండి ఎలాగో నిలబడుతుంది, రెండు చక్రాలది పడిపోతుంది. మినుములు, ఉలవలు చెత్తతో సహా రోడ్డు మీద వేస్తారు చూడండి, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని, అది ఇంకొక రకం ప్రమాదం. ఆ చెత్త ఆటో ఇరుసుకి చుట్టుకుంటుంది. సైలెన్సరు వేడికి అంటుకునే ప్రమాదం కూడా వుంది.

అన్నకి కుడి కాలు మోకాలి కింద రెండు ఎముకలు విరిగాయి. పాపకి గడ్డం దగ్గర చీలింది, కుట్లు పడ్డాయి. 108 వచ్చింది, భద్రాచలం తీసుకువెళ్లారు. మాకు అరవై కిలోమీటర్ల దూరం. ట్రాక్టరు అబ్బాయి పారిపోలేదు, అది మాత్రం చెప్పాలి. గట్టుమీద కూర్చొని వణికాడు. వాడికి పదహారు సంవత్సరాలు. లైసెన్సు లేదు, పద్దెనిమిది నిండకపోతే ఇవ్వరు కూడా. (మన పదో తరగతి అన్నల్లో కూడా సెలవుల్లో ట్రాక్టరు తోలే వాళ్లు వున్నారు. పేర్లు రాయను.)

అది మే నెల గనుక తునికాకు రోజులు. తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి కల్లంలో ఇస్తారు. ఏడాదిలో మా వాళ్ల చేతికి రొక్కం వచ్చేది అప్పుడే. ఆ సీజన్ అంతా అన్న మంచం మీద వున్నాడు, వదిన ఆసుపత్రిలో వుంది. వాళ్ల ఇంట్లో ఒక్క కట్ట కూడా కట్టలేదు.

పది రోజుల తరువాత పెద్దమనుషులు కూర్చున్నారు. ట్రాక్టరు గలాయన ఇంత ఇవ్వాలని, మా నాయన ఇంత ఇవ్వాలని మాట్లాడారు. అప్పుడు ఒక పెద్దాయన, "ఆ రాళ్లు ఎవరు వదిలేశారు?" అని అడిగాడు. మా నాయన వెంటనే "నేనే" అన్నాడు. నేను మా అమ్మ వెనక నిలబడి వున్నాను. నాయన నా వైపు చూడలేదు. ఇంటికి వచ్చాక కూడా ఏమీ అనలేదు. ఆ వడ్లు అమ్మిన డబ్బులో చాలా వరకు అన్నకే పోయింది.

ఇది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు.

హాస్టలుకి వచ్చాక నేను రోడ్డును వేరే రకంగా చూస్తున్నాను. మన గేటు ముందే చూడండి. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డు ఎక్కుతాయి. ఆ చక్రాలు తారును చెక్కేస్తాయి, చక్రాల నిండా వున్న బురద ముద్దలు ముద్దలుగా రోడ్డు మీద పడుతుంది. చిన్న వాన పడితే చాలు, సబ్బు రాసినట్టు అవుతుంది. జూలైలో మన వంట అక్క సైకిలు మీద నుంచి పడి పాలు మొత్తం పోయిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ రోజు మజ్జిగ లేదని గోల చేశాం గానీ ఎందుకు పడిందో ఎవరమూ అడగలేదు. గోదావరి ఇసుక తోలే ట్రాక్టర్లు కూడా అంతే. తడి ఇసుక మలుపు దగ్గర కారుతుంది, మర్నాటికి ఎండిపోయి పొడి ఇసుక మిగులుతుంది. మలుపులోనే బండి వాలుతుంది, అక్కడే ఇసుక వుంటుంది. దమ్మపేట నుంచి వచ్చిన మన తరగతి మిత్రుడు, వాళ్ల వైపు పామాయిల్ గెలలు ట్రాలీల నుంచి జారి పడుతుంటాయని చెప్పాడు. ముళ్ల ముళ్లగా వుండే ఆ గెల చీకట్లో రోడ్డు మధ్యన వుంటే ఎలా వుంటుందో ఊహించండి.

వెనక లైటు వున్న ట్రాలీని నేను లెక్కపెట్టాలని ఒక ఆదివారం గేటు దగ్గర కూర్చున్నాను. వార్డెన్ సారు అక్కడేం పని అని లోపలికి పంపించారు గనుక లెక్క పూర్తి కాలేదు. చూసిన ఏడింటిలో ఒక్కదానికి వుంది. ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్లు వెనక రెండు వుండాలని రూలు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు, వెనక వచ్చే బండి లైటు పడితే అదే మెరుస్తుంది. డెక్కు పెట్టుకోవడానికి మాత్రం అందరి దగ్గరా డబ్బులు వుంటాయి. ఆ పాటల్లో వెనక హారన్ కొట్టినా డ్రైవరుకు వినపడదు.

ఇక మిరపకాయ కోతల రోజుల్లో ట్రాలీలో మనుషులను ఎక్కించడం. మనలో చాలామంది అమ్మలు అలాగే పోతారు. నేను కూడా పోయాను, సరదాగానే వుంటుంది. కానీ ట్రాలీ సరుకు కోసం చేసినది, పట్టుకోవడానికి ఏమీ వుండదు. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కూలికి పోయే వాళ్ల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. పడమటి తండా వాళ్లు, మనలాగే గిరిజనులు. అదే సంవత్సరం జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో ఇంకొక ట్రాక్టరు పడి 15 మంది పోయారు. మూడు నెలల లోపల రెండు. చాలామంది ఆడవాళ్లే. సోషల్ సారు ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీలో ఎవరో నవ్వారు, ఎందుకు నవ్వారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రోడ్డుకు అడ్డం పెడితే నేరమని కూడా సారు చెప్పారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో దానికి ఐదు వేల వరకు జరిమానా వుందట. సరే, వేస్తే వేస్తారు. అప్పుడు వడ్లు ఎక్కడ ఆరబోయాలో కూడా చెప్పాలి కదా. వాన మొదలయ్యేటట్టుంటే, కేంద్రం వాళ్లు 17 అంటుంటే, మా నాయన ఏం చేస్తాడు? నేను చాలాసార్లు ఆలోచించాను, జవాబు దొరకలేదు. రోడ్డు మీద పోయొద్దని మా నాయనకు చెప్పలేను. రాత్రిపూట రాయి వుంచొద్దని మాత్రం చెప్పగలను. ఈ ఏడాది మేము రాళ్లకు బదులు యూరియా సంచుల్లో ఇసుక పోసి పెట్టాం. తెల్ల సంచి చీకట్లో కనపడుతుంది, తగిలినా రాయంత దెబ్బ కాదు. పట్టా మీద కూడా నాలుగు తెల్ల సంచులు పరిచాం. మా వెనకింటి వాళ్లు చూసి నవ్వారు, రెండో రోజు వాళ్లూ సంచులు అడిగారు.

అన్న ఇప్పుడు నడుస్తున్నాడు. కొంచెం కుంటుతాడు. ఎత్తు చెట్లు ఎక్కలేడు.

అన్న పెద్ద కొడుకు ఈ సంవత్సరం మన హాస్టల్లోనే ఆరో తరగతిలో చేరాడు. మీకందరికీ తెలుసు. ఈ కాగితం గోడకు అతికిస్తే వాడు ఎలాగూ చదువుతాడు. అందుకని నిన్న రాత్రి స్టడీ అవర్ అయిపోయిన తరువాత వాడిని వరండాలోకి పిలిచి మొత్తం చదివి వినిపించాను. వాడు మధ్యలో ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక, "మా నాయనకి చెప్పావా?" అని అడిగాడు. లేదన్నాను. "సంక్రాంతికి పోయినప్పుడు ఇద్దరం కలిసి చెబుదాం" అన్నాడు. తరువాత పడుకోవడానికి వెళ్లిపోయాడు.

— 9వ తరగతి విద్యార్థి